ఐదో సెల్

సుగుణ రెసిడెన్సీ ఓనర్ల సంఘానికి ఏడాదికొక ఉత్సాహం వస్తుంది. కిందటేడు చెత్త మీద వచ్చింది. తడి చెత్తకొక డబ్బా, పొడి చెత్తకొక డబ్బా, తడో పొడో తేలని చెత్తకొక డబ్బా పెట్టారు. మూడో డబ్బా మొదటి వారంలోనే నిండిపోయింది. అందులో ఉన్నది తడో పొడో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం నివేదిక ఇంకా రాకముందే, ఈ ఏటి ఉత్సాహం పెన్సిల్ సెల్స్ మీదికి మళ్లింది.

సంఘం అధ్యక్షులు కోదండపాణి గారు ముప్పై ఒక్క ఏళ్లు ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. వాడి పారేసిన సెల్స్ వల్ల నేల ఎలా పాడవుతుందో చెప్పే సభ ఒకటి కాకినాడలోనే జరిగితే ఒక పూట వెళ్లి కూర్చున్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతిలో ఒక గుడ్డ సంచీ, జేబులో ఒక ఆకుపచ్చ ఇంకు పెన్ను ఉన్నాయి. మర్నాటి పొద్దున్నే లిఫ్టు పక్క బోర్డు మీద నోటీసు వెలిసింది.

"ఇందుమూలముగా యావన్మంది ఫ్లాటుదారులకు తెలియజేయడమేమనగా, ఒకసారి వాడి పారవేయు పెన్సిల్ సెల్స్ వచ్చే ఒకటో తేదీ నుండి మన ప్రాంగణమునందు నిషేధించడమైనది. చార్జింగు చేసుకొను సెల్స్ మాత్రమే వాడవలెను. సదరు సెల్స్ అన్నియు సంఘమునకు అప్పగించి, ఉమ్మడి నిల్వ నుండి అవసరము మేరకు పొందవలెను. చార్జింగు కేంద్రీకృతముగా జరుగును. ఇళ్లలో విడిగా చేయు చార్జింగు అనధికార చార్జింగుగా పరిగణింపబడును."

మూడో అంతస్తు సుభాషిణి పాల ప్యాకెట్లు పట్టుకుని నిలబడే నోటీసు రెండుసార్లు చదివింది. మొదటి సగం చదివినప్పుడు మంచిదే అనుకుంది. ఆమె ఆరేళ్లుగా వాడుతున్నది చార్జింగు సెల్సే. రెండో సగంలో 'అప్పగించి' అన్న మాట దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి.

ఆమె దగ్గర మంచి సెల్స్ నాలుగున్నాయి. ఒకే రోజు కొన్నవి, ఒకేసారి చార్జింగు పెట్టేవి, ఒకేసారి తీసేవి. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ కలిపితే పాతది కొత్తదాన్ని కూడా కిందికి లాగేస్తుందని డిగ్రీలో ఫిజిక్సు చదివిన ఆమెకు తెలుసు. అందుకని నాలుగింటికీ అడుగున ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకుంది. ఆ ఎర్రచుక్క జట్టు అత్తగారి బి.పి. మెషీన్‌లో తప్ప ఇంకెక్కడికీ కదలదు. ఆరేళ్లు లక్షణంగా నడిచిన వాళ్ల చార్జరు మాత్రం కిందటి నెలలో పోయింది. కొత్తది కొనాలనుకుంటూ ఉండగానే ఈ నోటీసు.

ఆదివారం సాయంత్రం సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి సమావేశం పెట్టారు. ఎజెండాలో ఉన్నది ఒక్కటే అంశం: కేంద్ర చార్జరు ఎంపిక. బల్ల మీద మూడు చార్జర్లు వరసగా పెట్టి ఉన్నాయి. కొనుగోలు ఉపసంఘం సభ్యుడు ఒకప్పుడు తూనికలు కొలతల శాఖలో పనిచేసినాయన. ఆయన ఒక్కొక్క చార్జరునూ అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని బరువు చూశారు.

"రెండోది గట్టి సరుకండి. బరువుంది. బరువుందీ అంటే లోపల కరెంటు ఎక్కువ పడుతుందన్నమాట," అన్నారు.

సుభాషిణి చెయ్యెత్తింది. "అధ్యక్షులు గారూ, సెల్ నిండాక ఇది తనంతట తాను ఆగుతుందాండీ?"

"ఎనిమిది గంటలకు ఆగునని డబ్బా మీద ముద్రించి ఉన్నదమ్మా."

"ఎనిమిది గంటలకు ఆగడం వేరండి, నిండినప్పుడు ఆగడం వేరు. సగం వాడిన సెల్ పెడితే అది నాలుగు గంటలకే నిండుతుంది. మిగతా నాలుగు గంటలూ ఊరికే కాగుతూ కూర్చుంటుంది. పైగా దీంట్లో రెండేసి సెల్స్‌కి ఒక్కటే లైటుంది. ఒకటి నిండి, ఇంకొకటి నిండకపోతే మనకి తెలిసేదెలా?"

కోదండపాణి గారు పెన్ను మూత పెట్టి, చిన్నపిల్లకు చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పారు. "అమ్మా, ఇక్కడ ఆపేది చార్జరు కాదు. నిబంధన. ఎనిమిది గంటలని మనము తీర్మానించిన తరువాత ఏ సెల్ అయినను ఎనిమిది గంటలకే నిండవలెను."

అందరూ చప్పట్లు కొట్టారు. సుభాషిణి భర్త ప్రకాశరావు పోర్టు నుంచి డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. ఏమిటో అడక్కుండానే తీర్మానం మీద సంతకం పెట్టేశాడు. పుస్తకం ముందుకొస్తే సంతకం పెట్టడం ఆయనకు అలవాటు.

*

ఒకటో తేదీన సెల్స్ అప్పగించారు. ఇరవై నాలుగు ఫ్లాట్ల సెల్స్ ఒకే స్టీలు బిందెలోకి చేరాయి. ఎర్రచుక్కలు నాలుగూ పిల్లల బొమ్మకార్లలోంచీ గోడగడియారాల్లోంచీ వచ్చిన వాటి మధ్యకు దొర్లిపోవడం సుభాషిణి కళ్లారా చూసింది.

బిందెకూ చార్జరుకూ సంరక్షకుడుగా వాచ్‌మన్ నూకరాజును నియమించారు. హోదా పేరు 'కేంద్ర చార్జింగు నిర్వాహకుడు'. జీతం అదే. చొక్కా జేబు మీద పేరున్న బిళ్ల మాత్రం కొత్తది.

నాలుగో తేదీన అత్తగారు మాణిక్యాంబ గారు స్నానాల గది గుమ్మం దగ్గర తూలారు. సుభాషిణి దగ్గరే ఉంది కాబట్టి నడుం పట్టుకుని ఆపగలిగింది. మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయని ఆవిడ నాలుగు రోజుల నుంచీ అంటూనే ఉన్నారు.

డాక్టరు చూసి పెదవి విరిచాడు. "బి.పి. మాత్ర ఎక్కువై తూలుతున్నారో, చాలక తూలుతున్నారో ఒక్కసారి చూసి చెప్పలేనండి. ఇక్కడికి రాగానే ఎవరికైనా పెరుగుతుంది. ఇంట్లో కొలవండి. పొద్దున్న ఏడుకి, సాయంత్రం ఏడుకి. పది రోజులు, ఇరవై అంకెలు. మధ్యలో ఖాళీ వస్తే మళ్లీ మొదటి నుంచీ మొదలెట్టాలి. అందాజుగా మందు మార్చి ఈ వయసులో తుంటి విరగ్గొట్టలేను."

సుభాషిణి ఇంటికొచ్చి తెల్లకాగితం మీద గీతలు గీసి ఇరవై గళ్లు చేసింది. ఇక కావలసింది నాలుగు సెల్స్. ఆ పాత మెషీన్‌కి గోడకి తగిలించే వైరు పెట్టుకునే వీలు లేదు.

కిందికి వెళ్లింది. నూకరాజు ఫారం ఇచ్చాడు. మూడు కాపీలు.

"దేనికో రాయాలండి అమ్మగారూ. రిమోట్, గడియారం, టార్చిలైటు, ఆటవస్తువు. వీటిల్లో ఏదో ఒకదానికి టిక్కు పెట్టండి."

"బి.పి. మెషీన్‌కి నూకరాజూ."

"అది లిస్టులో లేదండి. 'ఇతరములు' అని ఉందండి. దానికి అయ్యగారి శాంక్షన్ కావాలండి. ఆటవస్తువని పెట్టేస్తే ఇప్పుడే ఇచ్చేత్తానండి."

మాణిక్యాంబ గారి రక్తపోటు ఆటవస్తువుగా నమోదైంది. నాలుగు సెల్స్ చేతికొచ్చాయి. సుభాషిణి ఒక్కొక్కటీ తిరగేసి చూసింది. చుక్క దేనికీ లేదు. నాలుగూ నాలుగు రంగులు. ఒకదాని మూతి దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఉప్పు సెల్ వెనక్కిచ్చి ఇంకొకటి తెచ్చుకుంది.

సాయంత్రం ఏడు గంటలకు పట్టీ చేతికి చుట్టి బటన్ నొక్కింది. మెషీన్ బుర్రుమంది. పట్టీ సగం ఉబ్బింది. తర్వాత ఓ నిట్టూర్పు విడిచి, తెర మీద ఖాళీ బ్యాటరీ బొమ్మ చూపించి ఆరిపోయింది.

"ఏం చెప్పిందమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"దానికే నీరసంగా ఉందటండి అత్తయ్యగారూ."

మొదటి గడి ఖాళీగానే మిగిలింది.

మర్నాడు మళ్లీ దిగింది. "ఇవి నిండలేదు నూకరాజూ."

"పచ్చలైటు వచ్చిందండి. రిజిస్టర్లో రాశానండి." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఓ మాట చెప్తాను, ఎవరితోనూ అనకండేం. మొన్న మరిచిపోయి సెల్స్ పెట్టకుండానే స్విచ్చేశానండి. ఎనిమిది గంటలయ్యాక చూద్దును కదా, పచ్చలైటు వచ్చేసిందండి. లోపల ఏమీ లేదండి, ఖాళీ!"

సుభాషిణికి నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. తిన్నగా అధ్యక్షులవారి దగ్గరికే వెళ్లి సంగతి చెప్పింది, నూకరాజు పేరు మాత్రం ఎత్తకుండా.

కోదండపాణి గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ముఖంలో మెల్లగా గర్వం కనిపించింది. "ఏమీ పెట్టకుండానే నింపగలుగుచున్నదంటే, అమ్మా, మన చార్జరు సామర్థ్యము మనము ఊహించినదానికన్న ఎక్కువే!"

*

ఆ వారమే అధ్యక్షులవారు కళ్లజోడు తుడుచుకుని ఒక సెల్ మీది చిన్న అక్షరాలు చదివారు. వెంటనే అత్యవసర సమావేశానికి పిలుపొచ్చింది.

"పాత సెల్ పైన ఒకటిన్నర వోల్టు అని స్పష్టముగా ఉన్నది. ఈ సెల్స్ పైన ఒకటి పాయింటు రెండు మాత్రమే ఉన్నది. సెల్ ఒక్కంటికి పాయింటు మూడు వోల్టు లోటు! ఈ లోటు ఎవరి హయాములో జరిగినది?" అని ఆయన సభను కలయజూశారు.

ఎవరికి వారు తాము కాదన్నట్టు కూర్చున్నారు.

సుభాషిణి లేచింది. "అది లోటు కాదండీ. ఈ రకం సెల్ తీరే అంత. మామూలు సెల్ ఒకటిన్నరతో మొదలై జారిపోతూ వస్తుంది. ఇది తక్కువతో మొదలైనా చివరిదాకా ఇంచుమించు అదే నిలుపుకుంటుంది. మా మెషీన్ ఆరేళ్లు వీటితోనే నడిచింది."

"అమ్మా, లెక్క లెక్కయే. నాలుగు పాత సెల్స్ ఆరు వోల్టులు. కొత్తవి ఎన్ని పెట్టిన ఆరగును?"

తూనికలు కొలతలాయన వేళ్లు మడిచి చూసి, "ఐదండి. సరిగ్గా ఐదు!" అన్నారు.

లెక్క నిజంగానే సరిగ్గా వచ్చింది. అందువల్లే అందరూ తలలూపారు.

"కావున నాలుగు సెల్స్ పట్టు ప్రతి పరికరమునకు ఇకపై ఐదు సెల్స్ జారీ చేయబడును," అని తీర్మానం.

"ఐదోది ఎక్కడ పెట్టాలండీ? చోటు నాలుగింటికే కదా ఉంటుంది?" అని రెండో అంతస్తు నుంచి ఎవరో అడిగారు.

అధ్యక్షులవారు ఒక్క క్షణం తడబడ్డారు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు ఆదుకుంది. "పరికరమునకు సమీపములో ఉంచవలెను."

ఆ సాయంత్రం సుభాషిణి ఐదు సెల్స్‌తో ఇంటికొచ్చింది. నాలుగు మెషీన్‌లో పెట్టి, ఐదోది బల్ల మీద నిలబెట్టింది. మెషీన్ ఈసారి నిట్టూర్పు కూడా విడవలేదు.

మాణిక్యాంబ గారు ఐదో సెల్ వంక చూసి, "ఇది నేను మింగాలేమో అడిగి రాకపోయావా?" అన్నారు.

ఆ మాటకు ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ అత్తగారు లేచి నిలబడి గోడ పట్టుకునేసరికి కోడలి నవ్వు ఆగిపోయింది. వారం గడిచింది. ఇరవై గళ్లలో ఒక్క అంకె కూడా లేదు. డాక్టరు మందు ముట్టుకోడు. ఆవిడ రోజుకు నాలుగుసార్లు తూలుతున్నారు.

ఆలోచించింది. పారేసే సెల్స్ కొనడం నిషేధం. ఇంట్లో చార్జింగు పెట్టుకోవడం కూడా నిషేధమే. ఎలాగూ ఒకటి మీరక తప్పదు. ఆరేళ్లుగా అలవాటున్నదే మీరదామని చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

*

మెయిన్ రోడ్డులో ఎలక్ట్రికల్ సామాన్ల షాపతను చటుక్కున ఒక నల్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదండి, అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు. గంటలో ఫుల్!"

"గంటలో వద్దండి. అంత తొందరగా నింపితే సెల్ కాగిపోతుంది. నాకు నాలుగైదు గంటలు పట్టినా పర్వాలేదు. నాలుగు గూళ్లకీ నాలుగు లైట్లున్నది చూపించండి."

అతను ఇంకొకటి తీశాడు.

"ఒక్క సెల్ పెట్టినా ఎక్కుతుందా? జంటగానే పెట్టాలా?"

"ఒక్కటైనా ఎక్కుతుందండి."

"నిండగానే దేనికది ఆగిపోతుందా? లేకపోతే గంటలు లెక్కపెట్టుకుని ఆగుతుందా?"

"నిండగానే ఆగిపోద్దండి."

"మామూలు సెల్ పొరపాటున పెడితే?"

"తీసుకోదండి, ఎర్రలైటు కొట్టుకుంటది." అతను గల్లా మీద మోచేతులానించి నవ్వాడు. "మేడమ్ గారూ, నేను మా అమ్మాయికి సంబంధం చూసినప్పుడు కూడా ఇన్ని అడగలేదండి."

"అడగవలసిందండి," అంది సుభాషిణి. చార్జరుతో పాటు ఒకే అట్టలో ఉన్న నాలుగు సెల్స్ కూడా తీసుకుంది.

గేటు దగ్గర సంచులు తనిఖీ చేయమని నూకరాజుకు ఉత్తర్వులున్నాయి. సుభాషిణి సంచీలో పైన గోంగూర కట్టలు. నూకరాజు గోంగూర పక్కకు జరిపి చూశాడు, మళ్లీ జాగ్రత్తగా సర్దేశాడు.

"గోంగూరేనండి," అని పైకే అని గేటు తీశాడు.

వంటింట్లో పొయ్యికి దూరంగా, గుడ్డలేమీ తగలకుండా, గాలి ఆడే అలమారా అరలో చార్జరు పెట్టింది. కొత్త సెల్స్ అడుగున ఎర్రచుక్కలు పెట్టి, ఆరనిచ్చి, గూళ్లలోకి నెట్టింది. మధ్యాహ్నానికి ఒకటి, దాని వెనకే రెండు, కాస్త ఆలస్యంగా నాలుగోది పచ్చబడ్డాయి. చేత్తో తాకి చూసింది. గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. సాయంత్రం ఏడింటికి పట్టీ నిండుగా ఉబ్బింది, మెల్లగా దిగింది, తెర మీద అంకెలు నిలబడ్డాయి. 106, 62.

సుభాషిణి కొత్త కాగితం గీసి, మర్నాడు పొద్దున్న ఏడింటి అంకెతో మొదటి గడి నింపింది.

*

మూడో రోజు పొద్దున్న తలుపు మీద చిన్నగా చప్పుడైంది. చూస్తే అధ్యక్షులవారి భార్య శేషారత్నం గారు. చేతిలో కరివేపాకు కవరు.

"మీ వంటింటి కిటికీలోంచి ఏదో పచ్చగా వెలుగుతోందట సుభాషిణీ. మా పనమ్మాయి చెప్పింది."

సుభాషిణి వంటింటి వైపు తిరిగి చూసింది. "అది... పిన్నిగారూ..."

శేషారత్నం గారు గబుక్కున లోపలికొచ్చి తలుపేసి, కవరు చేతిలో పెట్టారు. కరివేపాకు కింద రెండు సెల్స్ ఉన్నాయి. "టీవీ రిమోట్‌వి. రెండు వారాలైందమ్మా, ఒకటే చానెల్! ఆయన తీర్మానాలు ఒక పక్క, ఆ చానెల్ వాడి వంటలు ఒక పక్క. ఇలా ఉంటే నాకు పిచ్చెక్కేలా ఉంది. కాస్త పెట్టి ఇవ్వవూ?"

ఆ తర్వాత కొత్తిమీర కవరు వచ్చింది. మునక్కాడల సంచీ వచ్చింది. రెండో అంతస్తావిడ ఇడ్లీపిండి గిన్నె మూతకింద పెట్టి పంపింది. సుభాషిణి ఒక్కొక్క ఇంటికి ఒక్కో రంగు చుక్క కేటాయించింది. పాతదీ కొత్తదీ కలవనివ్వలేదు. బిందెలోంచి వచ్చినవాటిలో ఉప్పు పూసినవి ఎవరు బతిమాలినా తీసుకోలేదు. తన మెషీన్ సెల్స్ వంతు మాత్రం రోజూ మధ్యాహ్నం, ఎవరికీ ఇవ్వకుండా.

నూకరాజు దగ్గరికి ఫారాలు రావడం ఆగిపోయింది. రిజిస్టర్లో వరసగా ఆరు రోజులు 'లేవు' అని రాశాడు. అధ్యక్షులవారు దాని కింద ఆకుపచ్చ ఇంకుతో రాశారు: "నివాసులు సెల్స్ అవసరమును అధిగమించినారు. సంతోషము."

కానీ ఆ సాయంత్రమే ఇంట్లో సోఫాలో కూర్చున్నప్పుడు ఆయన ఒక విచిత్రం గమనించారు. భార్య రిమోట్ నొక్కింది. చానెల్ మారింది. మళ్లీ నొక్కింది. మళ్లీ మారింది.

ఆయన నిటారుగా కూర్చున్నారు. కేంద్రం నుంచి సెల్స్ జారీ కాలేదు. అయినా రిమోట్ పనిచేస్తోంది! మెట్లు దిగి మెల్లగా తిరిగి చూశారు. ఒక ఇంట్లో గోడగడియారం సరైన టైము చూపిస్తోంది. ఇంకో ఇంట్లో పిల్లవాడి కారు ఝుమ్మని పరిగెడుతోంది. ఎక్కడ చూసినా వస్తువులు పనిచేస్తున్నాయి. ప్రాంగణంలో ఏదో ఘోరమైన ఉల్లంఘన జరుగుతోందని ఆయనకు రూఢి అయిపోయింది.

*

పదో రోజు. సాయంత్రం ఏడు కావస్తోంది. పంతొమ్మిది గళ్లు నిండాయి, ఒకటి మిగిలింది. మాణిక్యాంబ గారు కుర్చీలో వెనక్కి ఆని, పాదాలు నేల మీద ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. పట్టీ చుట్టి ఉంది. సుభాషిణి బటన్ నొక్కబోతుండగా తలుపు బాదిన చప్పుడైంది.

గుమ్మంలో కోదండపాణి గారు. లిఫ్టు మరమ్మతులో ఉండడంతో మూడంతస్తులూ ఎక్కి వచ్చారు. ముఖం కందగడ్డలా ఉంది, రొప్పుతున్నారు. వెనక నూకరాజు, చంకలో రిజిస్టరు, చేతిలో పళ్లెం, అందులో ఐదు సెల్స్.

"అనధికార చార్జింగు జరుగుచున్నదని విశ్వసనీయ సమాచారము! సోదా చేయవలసి ఉన్నది. ఆ యంత్రములోని సెల్స్ తక్షణము స్వాధీనము..."

"ష్!" అన్నారు మాణిక్యాంబ గారు. "కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. అలా నిలబడు నాయనా."

డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి గదమాయింపు. అధ్యక్షులవారు నోరు మూశారు. సుభాషిణి బటన్ నొక్కింది. పట్టీ ఉబ్బింది, దిగింది. 104, 60. సుభాషిణి ఇరవయ్యో గడి నింపి, కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాక ఊపిరి పీల్చుకుంది.

"ఇప్పుడు తీసుకోండి అధ్యక్షులు గారూ. నాలుగే ఉన్నాయి. ఐదోది లేదు."

మాణిక్యాంబ గారు ఆయన ముఖంలోకి తేరిపార చూస్తున్నారు. "సెల్స్ సంగతి తర్వాత. ముందు కూర్చో నాయనా. ఆ చెమటేమిటి? మా ఆయనా ఇలాగే ఎర్రబడేవారు. కాసేపు కూర్చో. అమ్మాయ్, మంచినీళ్లివ్వు, తర్వాత ఓసారి చూడు."

వద్దనడానికి ఆయనకు ఊపిరి చాలలేదు. పది నిమిషాలు కూర్చోబెట్టి, రొప్పు తగ్గాక పట్టీ చుట్టారు. తెర మీద 184, 110 నిలిచాయి.

సుభాషిణి గొంతు మారింది. "ఇది ఎక్కువండీ. మీరు రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరకు వెళ్లాలి."

కోదండపాణి గారు ఆ అంకెల వంక చాలాసేపు చూశారు. ఒక్క క్షణం ఆయన కళ్లలో భయం మెరిసింది. అంతలో సర్వీసు ఆదుకుంది.

"సదరు సంఖ్య అనధికారముగా చార్జింగు చేయబడిన సెల్స్ ద్వారా వచ్చినది. కావున చెల్లదు. నూకరాజూ! అధికార సెల్స్!"

నూకరాజు నాలుగు సెల్స్ మార్చి పెట్టాడు. ఐదోది చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "ఇదెక్కడ పెట్టమంటారండి అయ్యగారూ?"

"సమీపములో!"

నూకరాజు దాన్ని అయ్యగారి మోచేతి పక్కనే పట్టుకున్నాడు. సుభాషిణి బటన్ నొక్కింది. తెర వెలగనేలేదు. అందరూ కాసేపు ఆ నల్లటి తెరనే చూశారు.

అధ్యక్షులవారు హాయిగా నిట్టూర్చారు. "రిజిస్టర్లో రాయి. అధికార సెల్స్‌తో పరీక్షించగా బి.పి. కనబడలేదు. కావున లేదు."

చార్జరుకు టేపు చుట్టి, కాగితం అంటించి, ఆకుపచ్చ ఇంకుతో సంతకం చేసి, ఎర్రచుక్క సెల్స్ సంగతి మరిచిపోయి ఆయన వెళ్లిపోయారు. మెట్ల మలుపు దాకా నూకరాజు ఆయన మోచేయి పట్టుకునే ఉన్నాడు.

సుభాషిణి తలుపు వేసింది. తర్వాత మనసొప్పక శేషారత్నం గారికి ఫోన్ చేసి రెండు అంకెలు మాత్రం చెప్పింది.

"ఏ సెల్స్‌తో?" అంది అవతల నుంచి సన్నని గొంతు.

"నావాటితో పిన్నిగారూ."

"పొద్దున్నే తీసుకెళ్తాను," అని శేషారత్నం గారు ఫోన్ పెట్టేశారు.

*

డాక్టరు ఇరవై గళ్లూ వరసగా వేలితో చూసుకుంటూ వెళ్లాడు. "మాత్ర ఎక్కువైందండి. సగం చాలు. అమ్మగారూ, అందుకే తూలారు మీరు." నాలుగు రోజులకు మాణిక్యాంబ గారు గోడ వదిలేసి నడిచారు. వారానికి వంటింట్లోకొచ్చి, చారులో ఉప్పెక్కువైందన్నారు. సుభాషిణి ఆ మాట ఇంకోసారి అనిపించుకోవాలనుకుంది.

ఈలోగా, సోదా జరిగిన మూడో రోజు పొద్దున్న సరిగ్గా ఏడు గంటలకు తలుపు చప్పుడైంది. కోదండపాణి గారు. ఇస్త్రీ చొక్కా, కుడి చేతిలో రిజిస్టరు. ఎడమ చేతి చొక్కా మాత్రం మోచేతి పైదాకా మడిచి ఉంది. వెనక నూకరాజు.

"సీలు పరిశీలనకు వచ్చినాను," అని ఆయన సీలు వైపు చూడకుండానే కుర్చీలో కూర్చున్నారు. జేబులోంచి మందుల చీటీ ఒకటి తొంగి చూస్తోంది. అదే డాక్టరు రాత. పది రోజులు, ఇరవై అంకెలు.

"సీలుంటే చార్జింగు పెట్టలేనండి," అంది సుభాషిణి.

ఆయన గొంతు సవరించుకున్నారు. "సాక్ష్యము పనిచేయు స్థితిలో ఉంచుట విచారణాధికారి బాధ్యత." తానే టేపు విప్పారు.

సాయంత్రం లిఫ్టు పక్క బోర్డు మీద నోటీసు వెలిసింది: "మూడవ అంతస్తునందలి అనధికార చార్జరుపై విచారణ, తదుపరి ఉత్తర్వులు వచ్చు వరకు, ప్రతిదినము ఉదయము ఏడు గంటలకు మరియు సాయంత్రము ఏడు గంటలకు, విచారణాధికారి సమక్షమున కొనసాగును. విచారణ పూర్తియగు వరకు సదరు చార్జరును ఎవరును ఆటంకపరచరాదు."

విచారణ ఆరో రోజున, పట్టీ బిగుసుకుని మెల్లగా దిగుతుండగా ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నారు. నూకరాజు నిబంధన ప్రకారం మోచేతి పక్కన ఐదో సెల్ పట్టుకుని నిలబడే ఉన్నాడు. అంకెలు నిలిచాయి. సుభాషిణి కొత్త కాగితం మీద గడి నింపుతోంది.

"ఎంతొచ్చిందమ్మా?" అని ఆయన కళ్లు తెరవకుండానే అడిగారు.

"ఏ సెల్స్‌తో చెప్పమంటారండీ?"

ఆయన కళ్లు తెరిచారు. తర్వాత నూకరాజు చేతిలోంచి ఐదో సెల్ తీసుకుని, జేబులో వేసుకున్నారు.

"మీవాటితోనే చెప్పమ్మా," అన్నారు.